ఏరు దాటినా ఓడ మల్లయ్యే

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఈ సామెతలో మాట మార్చేవాడు ప్రయాణికుడు, మోసపోయేవాడు ఓడ నడిపేవాడు. విలాస నౌకల కంపెనీలు ఈ సామెత ఎక్కడో విన్నట్టున్నాయి. జాగ్రత్తపడి దాన్ని తిరగేశాయి. ఇప్పుడు మల్లయ్య టికెట్టు కొన్నవాడు. ఒక్కసారి ఓడెక్కి దిగాడంటే చాలు, ఇక జన్మంతా ఆయన వాళ్ల కుటుంబ సభ్యుడే. పుట్టినరోజుకి ఈమెయిలు, పండక్కి ఈమెయిలు. ఆయన తన పెళ్లిరోజు మరిచిపోయినా కంపెనీ మరిచిపోదు. కిందటి విహారం బట్టలు ఇంకా ఉతుక్కోకముందే వచ్చే విహారం మీద ‘మీలాంటి విశ్వాసపాత్రులకు మాత్రమే’ అంటూ రాయితీ. ఆ ‘మాత్రమే’లో ఎన్ని లక్షలమంది ఉన్నారో మల్లయ్యగారు అడగరు. అడిగితే తన ప్రత్యేకత పోతుందని భయం.

ఓడ ప్రయాణంతో నాకు తగువు లేదు. సముద్రం బాగుంటుంది. నాలుగు రోజులు వంటింటి మొహం చూడకుండా తిని పడుకోవడం ఇంకా బాగుంటుంది. నా తగువల్లా ఆ కంపెనీలు రోజూ వాడే రెండు మాటలతో. ఒకటి ఉచితం, రెండోది విశ్వాసం. మొదటిది అబద్ధం. రెండోది ఏకపక్షం.

ముందు ఉచితం సంగతి చూద్దాం. అమెరికాలో ఏటా జనవరి నుంచి మార్చి దాకా నౌకా విహారాల టికెట్ల జోరు. ఆ వ్యాపారంలో దాన్ని వేవ్ సీజన్ అంటారు. మన బట్టల కొట్లకి ఆషాఢం ఎలాగో వాళ్లకి అది అలాగ. పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ ఉండదు, అందుకని ‘ఒకటి కొంటే రెండు’. కాకపోతే మన ఆషాఢానికి ఓ నిజాయితీ ఉంది. శ్రావణం రాగానే బోర్డు దించేస్తారు. వేవ్ సీజన్ బోర్డు దించితే దాని వెనక వేసవి బోర్డు, ఆ వెనక బ్లాక్ ఫ్రైడే బోర్డు. రాయల్ కరీబియన్ వాళ్ల ‘రెండో ప్రయాణికుడికి 60 శాతం తగ్గింపు’ ఎంత పాత నేస్తమంటే, అది కనపడని వారాన్ని వెతికి పట్టుకోవడమే కష్టం. ‘ఆఖరి మూడు రోజులు’ అయిపోయాక ఇంకో ఆఖరి మూడు రోజులు మొదలవుతాయి. ఏడాది పొడుగునా ఉండేదాన్ని తగ్గింపు అనరు. దాని పేరు ధర.

ఖరీదు పెరిగేకొద్దీ అబద్ధం నాజూకవుతుంది. రీజెంట్ సెవెన్ సీస్, ఓషియానియా అనేవి ఈ వ్యాపారంలో పై అంతస్తువాళ్లు. దళసరి కాగితం మీద అచ్చేసిన వాళ్ల బ్రోషర్లలో ‘ఒకరి ధరకే ఇద్దరు’ అన్న మాట ఏళ్ల తరబడి మెరిసింది. పైన పూర్తి ధర, దాని మీద అడ్డంగా ఓ గీత, కింద సగం ధర. మల్లయ్యగారి ప్రాణమంతా ఆ గీతలోనే ఉంది. ఎంత కడుతున్నానో ఆయన చూసుకోరు, ఎంత కొట్టేశారో చూసుకుంటారు. చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఇంకో సంగతి రాసి ఉంటుంది. ఆ పూర్తి ధరకి అన్ని తరగతుల గదులూ అమ్ముడుపోయి ఉండకపోవచ్చు, అది నిజంగా వసూలు చేసిన ధర కాకపోవచ్చు అని. అంటే ఎవరైనా కట్టారో లేదో తెలియని ధరలో సగం మనకి మినహాయించారన్నమాట. లాయర్లు పట్టుబట్టి రాయించిన వాక్యం కాబట్టి ఆ పుస్తకం మొత్తానికీ నమ్మదగిన వాక్యం అదే. ఈ పద్ధతి నాకూ నచ్చింది. ఈ వ్యాసం పూర్తి ధర పది లక్షల రూపాయలు. మీలాంటి విశ్వాసపాత్రులకు మాత్రం పత్రిక వెలకే ఇస్తున్నాను. 

ఇంతకన్నా ముచ్చటైనది నార్వీజియన్ క్రూజ్ లైన్ వాళ్ల ‘ఫ్రీ ఎట్ సీ’. పేరులో నార్వే ఉన్నా ఆఫీసు మయామీలో ఉంది, అది వేరే సంగతి. ఈ ఆఫర్‌లో తాగేవాళ్లకి మందు ఉచితం. 2024 నాటికి ఆ ఉచితం విలువ మనిషికి రోజుకి 109 డాలర్లని కంపెనీయే కట్టింది. దాని మీద 20 శాతం సేవా రుసుము మాత్రం మనం కట్టుకోవాల్సి వచ్చింది. అంటే మనిషికి రోజుకి 21 డాలర్ల 80 సెంట్లు. దంపతులిద్దరికీ వారానికి 305 డాలర్లు దాటేది, మన డబ్బులో పాతికవేల పైమాటే. విలువ కట్టిందీ వాళ్లే, శాతం వేసిందీ వాళ్లే. రేపు ఆ ఉచితం విలువ పెంచితే మన ఖర్చూ పెరుగుతుంది.  

మొత్తం ధర ముందే చెప్పాలన్న జ్ఞానం కూడా వీళ్లకి సముద్రపు గాలికి కలిగింది కాదు. రుసుములు దాచిపెట్టి ధరలు ప్రకటించకూడదని కాలిఫోర్నియా చేసిన చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చాకే, పెద్ద కంపెనీలు ఓడరేవు రుసుములూ పన్నులూ కలిపిన ధరని ప్రకటనల్లో చూపించడం మొదలెట్టాయి. అప్పుడూ టిప్పులు బయటే ఉండిపోయాయి. రాయల్ కరీబియన్‌లో 2023 నవంబరు నుంచి మామూలు గదిలో మనిషికి రోజుకి పద్దెనిమిదిన్నర డాలర్లు టిప్పుగా ఖాతాలో దానంతటదే పడుతోంది. చంటిపిల్ల పేరు మీద కూడా పడుతుంది. ఇష్టమైతే ఇచ్చేది టిప్పు. ఉయ్యాలలో పిల్లకి కూడా లెక్కకట్టి వసూలు చేసేదాన్ని జీతం అనాలి. ఫిలిప్పీన్స్ నుంచీ ఇండోనేసియా నుంచీ మన దేశం నుంచీ వెళ్లి నెలల తరబడి ఇంటి మొహం చూడకుండా పక్కలు సర్దే పిల్లలకి ఆ జీతం ఇవ్వాల్సింది కంపెనీ. మన చేత ఇప్పించి దానికి కృతజ్ఞత అని పేరు పెట్టింది.

ఇక విశ్వాసం. రాయల్ కరీబియన్ వాళ్ల క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీలో విశ్వాసానికి మెట్లున్నాయి. అన్నిటికన్నా అడుగు మెట్టు పేరు బంగారం. మూడు రాత్రులు పడుకుని లేస్తే ఎవరైనా బంగారమే. ఆ పైన ప్లాటినం, ఆ పైన పచ్చ, ఆ పైన వజ్రం. వజ్రం మీద ఇంకేముంటుందని తికమక పడకండి, వజ్రం ప్లస్ ఉంది. అందరి నెత్తినా పినకిల్ క్లబ్. రాత్రికో పాయింటు. 80కి వజ్రం, 175కి వజ్రం ప్లస్, 700కి పినకిల్. మామూలు గదిలో పడుకునేవాడికి 700 రాత్రులంటే రెండేళ్లకి నెల తక్కువ. ఇంత కాలం ఉప్పునీటి మీద తపస్సు చేసిన భక్తుడికి కంపెనీ ప్రత్యక్షమై ఇచ్చే వరం, ఏడు రాత్రుల దాకా బాల్కనీ గది. 700కి 7. నూటికి ఒకటి. 

ఒంటరిగా వెళ్లేవాళ్ల కథ మరీ బాగుంటుంది. గది అంటే ఇద్దరికని లెక్క. ఒక్కరే వెళితే ఆ రెండోవాళ్ల డబ్బు కూడా చాలావరకు వీళ్లే కట్టాలి. ఆ కడుపుమంట చల్లార్చడానికి రాత్రికి రెండు పాయింట్లు వేస్తారు. లేని మనిషికి టికెట్టు కొంటే ఆ లేని మనిషి విశ్వాసం కూడా మన ఖాతాలోకే జమ.

వజ్రానికి దక్కే వైభవం రోజుకి నాలుగు పానీయాలు, ఒక ప్రత్యేకమైన గదిలో కూర్చునే హక్కు. హక్కు ఉంది గానీ కుర్చీ ఉండదు. కంపెనీ వజ్రాల్ని గంపలకొద్దీ తయారుచేసింది మరి. సాయంత్రమయ్యేసరికి చేతిలో గ్లాసులతో గోడకానుకుని నిలబడ్డ వజ్రాలు కనిపిస్తాయి. వజ్రం ప్లస్‌లు మామూలు వజ్రాల వంక చూసి, ఈమధ్య ఎవర్ని పడితే వాళ్లని రానిస్తున్నారని నిట్టూరుస్తాయి. పినకిల్ మనిషి కోటుకి పెట్టుకున్న పిన్ను కాస్త సర్దుకుంటాడు. డబ్బు పోసి కొనుక్కున్న సెలవుల్లో కూడా ఎవరికన్నా పైనున్నాం, ఎవరికన్నా కిందున్నాం అని చూసుకునే అవకాశం కల్పించడం సామాన్యమైన తెలివి కాదు. ఆఫీసులో ప్రమోషన్ రాలేదని ఓడెక్కిన మనిషికి ఓడలో ప్రమోషన్ ఇస్తున్నారు, అదీ ఆయన ఖర్చుతోనే.

ఈ కిటుకు ఎలా పనిచేస్తుందో జోసెఫ్ నూన్స్, జేవియర్ డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చూపించారు. కార్లు కడిగే ఒక దుకాణంలో కొందరికి ఎనిమిది ఖాళీ గళ్ల కార్డు ఇచ్చారు. ఇంకొందరికి పది గళ్ల కార్డులో రెండు ముద్రలు ముందే కొట్టి ఇచ్చారు. ఎవరైనా కడిగించుకోవాల్సింది ఎనిమిది సార్లే. కానీ ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం మంది పూర్తిచేస్తే, రెండు ముద్రల వాళ్లలో 34 శాతం మంది పూర్తిచేశారు. మొదటి ప్రయాణానికే బంగారం ఎందుకు పంచుతారో ఇప్పుడు తెలిసింది కదా. అప్పటికే సగం దారి వచ్చేశామన్న భ్రమ కలిగితే చాలు, మిగతా సగం మనమే తోసుకుంటూ పోతాం. అయినా కారువాళ్లే నయం. శుభ్రమైన కారుతో ఇంటికెళ్లారు.

మనవాళ్లు ఈ ఊబిలో దిగేది ఎక్కువగా అమెరికాలోనే. డల్లాస్, హ్యూస్టన్ తెలుగువాళ్లకి గాల్వెస్టన్ రేవు, న్యూజెర్సీవాళ్లకి బెయోన్‌లోని కేప్ లిబర్టీ కారులో వెళ్లే దూరం. ఇండియా నుంచి అమ్మానాన్నా వచ్చారంటే నయాగరా అయ్యాక వంతు క్రూజ్‌ది. ఓడలో ఎవరూ జేబులోంచి డబ్బు తీయరు, అంతా మెడలో వేలాడే కార్డు మీదే. బిల్లు చివర్లో చూసుకోవచ్చు. కడుపు నిండి, ఎండ తగిలి, ఉద్యోగం గుర్తురాని ఆ ఘడియలో దారికడ్డంగా ఒక బల్ల ఉంటుంది. వచ్చే ఏడాది విహారానికి బయానా కట్టించుకునే బల్ల.

“మళ్లీ వచ్చే ఏడు కూడానా?” అంటారు నాన్నగారు.

“ఇక్కడే బుక్ చేస్తే ఓడలో ఖర్చుకి వంద డాలర్లు వాళ్లే ఇస్తారు నాన్నా.”

“ఎవరి డబ్బు?”

“వాళ్లదే.”

“వాళ్లకెక్కడిది?”

కొడుకు దగ్గర దీనికి జవాబు లేదు. పాయింట్ల లెక్క మాత్రం ఉంది. ఇంకో పది వస్తే పచ్చ అవుతాడు. తిరిగిరాని షరతు మీద బయానా కట్టి, మిగిల్చిన వంద డాలర్లని అదే సాయంత్రం ఫొటోలకి ఖర్చుపెట్టేస్తాడు. ముప్పై ఏళ్లు రేషన్ షాపులో తూకం చూసుకున్న నాన్నగారు ఆ ఫొటోల్లో నవ్వకపోవడానికి కారణం సముద్రం పడకపోవడం కాదు.

సరే, కస్టమర్లకి ఇన్ని పరీక్షలు పెట్టే కంపెనీలు తాము ఎవరికి విశ్వాసంగా ఉన్నాయో చూద్దాం. మూడు పెద్ద సంస్థల ఆఫీసులూ మయామీ చుట్టుపక్కలే. ఓడలెక్కేది ఎక్కువగా అమెరికన్లు. కానీ కాగితాల మీద కార్నివాల్ పుట్టిల్లు పనామా, రాయల్ కరీబియన్ పుట్టిల్లు లైబీరియా, నార్వీజియన్ మాతృసంస్థ పుట్టిల్లు బెర్ముడా. ఓడల మీద ఎగిరేది చాలావరకు బహామాస్ జెండానో, పనామా జెండానో. అమెరికా పన్నులూ కార్మిక చట్టాలూ తగలకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. 2020 మార్చిలో కరోనాకి ఓడలన్నీ రేవుల్లో ఆగిపోయాక అమెరికా ప్రభుత్వం పెద్ద కంపెనీలని ఆదుకోవడానికి నిధి ప్రకటించింది. అమెరికా చట్టాల కింద ఏర్పడ్డ కంపెనీలకే అది అని షరతు పెట్టింది. లైబీరియా బిడ్డ, పనామా బిడ్డ, బెర్ముడా బిడ్డ గుమ్మం బయటే నిలబడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చాడు మల్లయ్య. రద్దయిన విహారానికి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కానీ తీసుకోకపోతే నూటికి నూటపాతిక విలువ చేసే చీటీ ఇస్తాం, తర్వాత ఎప్పుడైనా ఓడెక్కండి అన్నారు. అదే 2020 ఏప్రిల్లో కార్నివాల్ మార్కెట్లో 400 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. వడ్డీ పదకొండున్నర శాతం, పైగా తాకట్టు. తెలిసినవాళ్లు తాకట్టు పెట్టించుకుని, వడ్డీ నగదుగా మాట్లాడుకుని అప్పిచ్చారు. విశ్వాసపాత్రులు ఏ తాకట్టూ లేకుండా, వడ్డీని కూడా ఓడ రూపంలోనే పుచ్చుకునే షరతు మీద అప్పిచ్చారు. ఎప్పుడు బయల్దేరుతుందో, అప్పటికి టికెట్టు ఎంతవుతుందో ఎవరికీ తెలియదు. దీనికి కంపెనీలు పెట్టిన పేరు బంధం.

క్రిస్టల్ క్రూజెస్ కథ ఇంతకంటే చేదు. విలాస నౌకల్లో అదొక గొప్ప ఇల్లు. దాని క్రిస్టల్ సొసైటీ సభ్యులు ఏటా అదే ఓడ, అదే గది కోరుకునే పాతకాపులు. యజమాని జెంటింగ్ హాంగ్‌కాంగ్. సింగపూర్ ప్యాకేజీల్లో మన హైదరాబాద్, విజయవాడ జనం ఎక్కే జెంటింగ్ డ్రీమ్ ఓడ కూడా అప్పట్లో ఆ ఇంటిదే. 2022 జనవరి 18న ఆ కంపెనీ దివాలా తీసి బెర్ముడా కోర్టుకెళ్లింది. నాలుగు రోజులకి క్రిస్టల్ సింఫనీ మయామీ చేరాలి. ఇంధనం అమ్మినవాళ్లకి దాదాపు 46 లక్షల డాలర్ల బాకీ ఉండటంతో ఓడని స్వాధీనం చేసుకోమని అమెరికా కోర్టు వారంటు ఇచ్చింది. ఓడ మయామీ ముఖం చూడకుండా బహామాస్‌లోని బిమినీకి మళ్లింది. ప్రయాణికుల్ని చిన్న ఫెర్రీలో ఫోర్ట్ లాడర్‌డేల్‌కి తరలించారు. అప్పులవాళ్లకి మొహం చాటేసి పక్క ఊరికి పారిపోయే ఓడలో వాళ్లు కూడా తెలియకుండా భాగస్వాములయ్యారు. విలాస యాత్రలో ఇలాంటి అనుభవానికి అదనపు రుసుము వేయకపోవడం ఆశ్చర్యమే.

ఇంకా ఎక్కని విహారాలకి ముందే డబ్బు కట్టినవాళ్లు అప్పులవాళ్ల వరసలో నిలబడ్డారు. ఆ వరసలో బంగారానికీ వజ్రానికీ ముందు పిలుపు ఏమీ లేదు. క్రెడిట్ కార్డు మీద కట్టినవాళ్లు కొందరు బ్యాంకుతో పోట్లాడి రాబట్టుకున్నారు. ఆ ఏడే అబర్‌క్రాంబీ అండ్ కెంట్ యజమానులు ఆ పేరునీ ఓడల్నీ కొన్నారు. 2023 జూలై చివర్లో ఓడలు మళ్లీ నడవడం మొదలైంది. కొత్త యజమానులు మర్యాదస్థులు. పాత సభ్యుల హోదా యథాతథంగా గౌరవిస్తామన్నారు, డబ్బు పోగొట్టుకున్నవాళ్లకి కొత్త విహారాల్లో వాడుకునే చీటీలు ఇస్తామన్నారు. మళ్లీ చీటీలే!

హోదా అయినా శాశ్వతమా అంటే అదీ లేదు. కార్నివాల్‌లో ఎన్ని రోజులు ప్రయాణిస్తే అన్ని పాయింట్లు, ఒకసారి వచ్చిన రంగు పోదు అన్న లెక్క ఏళ్లుగా నడిచింది. 2025 జూన్‌లో కొత్త పద్ధతి ప్రకటించారు. ఇకనుంచి ఎన్ని రోజులు తిరిగావన్నది కాదు, ఎన్ని డాలర్లు వదిలావన్నదే లెక్క. సంపాదించిన మెట్టు రెండేళ్లే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటినుంచి ఎక్కాలి. ఉన్న వజ్రాలకి దయతలిచి ఆరేళ్లు గడువిచ్చారు. పాతికేళ్ల పాటు ఏటా చవక గదిలో పొదుపుగా ప్రయాణించి వజ్రమైన రిటైర్డు టీచరుగారి కంటే, రెండు విహారాల్లో కేసినోలో డబ్బు తగలేసినవాడు వీళ్లకి విశ్వాసపాత్రుడు. గగ్గోలు రేగింది. నాకు మాత్రం ఆ ప్రకటన నచ్చింది. నలభై ఏళ్లుగా ఈ వ్యాపారం మనసులో ఉన్న మాట అదే, అచ్చులో ఇప్పుడు వచ్చింది.

ఇక మన తీరానికి వద్దాం. విశాఖలో 96 కోట్లతో కట్టిన క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. అంతకు ఏడాది ముందే, 2022 జూన్‌లో, చెన్నై నుంచి కార్డీలియా అనే మన దేశపు కంపెనీ ఓడ ఎంప్రెస్ విశాఖకి వచ్చింది. జనం బీచ్ రోడ్డు మీద నిలబడి చూశారు. ఆ ఓడ 1990లో రాయల్ కరీబియన్ కోసం నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలెట్టింది. ఆ తర్వాత రెండు మూడు పేర్లు, ఇద్దరు ముగ్గురు యజమానులు. ఎంతమంది అమెరికన్లు దాని మంచాల మీద పడుకుని బంగారాలూ పచ్చలూ అయ్యారో. కరోనాలో రాయల్ కరీబియన్ దాన్ని అమ్మేసేటప్పుడు వాళ్లని సలహా అడిగినట్టు లేదు.

ఓడెక్కాలని ఉంటే నిక్షేపంగా ఎక్కండి. ఏజెంటు ఫోన్ చేసి ఎంత మిగులుతుందో చెప్పబోతే ఆపి, ఎంత పోతుందో చెప్పమనండి. పన్నులు, టిప్పులు, ‘ఉచితం’ మీది రుసుములు, రేవుల్లో దిగి తిరిగే ఖర్చు అన్నీ కలిపి ఒక్క అంకె కాగితం మీద రాసిమ్మనండి. ఇవాళ రాత్రి పన్నెండింటికి ఆఫర్ అయిపోతుందంటే పడుకోండి, పొద్దున మళ్లీ ఆయనే ఫోన్ చేస్తాడు. పక్క కంపెనీ అంకె తక్కువైతే మొహమాటం లేకుండా అక్కడికే పోండి, మీ వజ్రం ఏమీ అనుకోదు. బయానా మాత్రం క్రెడిట్ కార్డు మీదే కట్టండి. కంపెనీ మునిగిన రోజున పోట్లాడటానికి బ్యాంకైనా మిగులుతుంది.